ఆగస్టు 28: నల్లజాతి పోరాట చరిత్రలో ఒక తేదీ

ఉద్యమాలకు తమవైన తేదీలు ఉంటాయి. జూలై 17 అంటే మనకు కారంచేడు. ఆగస్టు 6 అంటే చుండూరు. ప్రభుత్వ క్యాలెండర్లలో ఆ రోజులకు ఏ గుర్తూ ఉండదు. అయినా ఏటా ఆ రోజుల్లో జనం స్మారక స్థలాల దగ్గర చేరతారు, చనిపోయినవారి పేర్లు చదువుతారు. అమెరికా నల్లజాతి ప్రజలకు అలాంటి తేదీ ఆగస్టు 28.

చాలామందికి ఆ తేదీ అనగానే 1963లో వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ప్రసంగం ఒక్కటే గుర్తొస్తుంది. కానీ అదే తేదీన 1955లో ఒక పిల్లవాణ్ణి చంపారు. 1957లో ఒక సెనేటర్ నల్లవాళ్ల ఓటుహక్కు బిల్లును అడ్డుకోవడానికి రాత్రంతా నిలబడి మాట్లాడాడు. 1968లో చికాగో వీధుల్లో పోలీసులు లాఠీలు విరిగేలా కొట్టారు. 2008లో ఒక నల్లజాతి నాయకుడు అధ్యక్ష అభ్యర్థిత్వాన్ని స్వీకరించాడు. వీటిలో కొన్ని కాకతాళీయంగానే ఆ తేదీన జరిగాయి. కొన్నిటికి ఉద్యమకారులు కావాలనే ఆ తేదీని ఎంచుకున్నారు. ఈ సంఘటనలను వరసగా పెట్టి చదివితే ఒక్క ప్రసంగంలో దొరకని విషయం అర్థమవుతుంది. ఓటు, జ్యూరీ, కూలి అనే మూడూ ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయో తెలుస్తుంది. ఆ ముడిని విప్పి చూడడమే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

1955: మిసిసిపీలో ఒక హత్య

ఎమెట్ టిల్ చికాగో కుర్రాడు. వయసు 14 ఏళ్లు. వేసవి సెలవులకు మిసిసిపీ రాష్ట్రంలోని మనీ అనే ఊరికి వెళ్లాడు. అక్కడ అతని అమ్మమ్మ తోబుట్టువు భర్త, వరసకు తాత అయ్యే మోజ్ రైట్ ఉండేవాడు. ఆగస్టు 24న ఆ పిల్లవాడు ఒక కిరాణా దుకాణానికి వెళ్లాడు. దుకాణంలో ఉన్న తెల్లజాతి మహిళతో అమర్యాదగా ప్రవర్తించాడన్న మాట ఊళ్లో పాకింది. నాలుగు రోజుల తర్వాత, ఆగస్టు 28 తెల్లవారుజామున ఆమె భర్త రాయ్ బ్రయంట్, అతని సవతి సోదరుడు జె.డబ్ల్యూ. మైలం తుపాకీతో మోజ్ రైట్ ఇంటికి వచ్చి పిల్లవాణ్ణి ఎత్తుకుపోయారు. ఆగస్టు 31న టలహాచీ నదిలో శవం దొరికింది. పత్తి జిన్నింగ్ మిల్లులోని బరువైన ఇనప ఫ్యానును ముళ్ల తీగతో మెడకు కట్టి నీళ్లలో పడేశారు.

అధికారులు శవాన్ని వెంటనే అక్కడే పూడ్చిపెట్టాలని చూశారు. తల్లి మేమీ టిల్ ఒప్పుకోలేదు. కొడుకు శవాన్ని చికాగోకు తెప్పించుకుంది. శవపేటిక మూత తీసే ఉంచాలని, తన కొడుకుకు ఏం చేశారో లోకమంతా చూడాలని పట్టుబట్టింది. వేలాది మంది వరసలో నిలబడి చూశారు. నల్లజాతి పాఠకుల పత్రిక ‘జెట్’ ఆ ఫొటోలు అచ్చువేసింది. సాక్ష్యం మట్టిలో కలిసిపోకుండా ఆపింది ఆ తల్లి.

సెప్టెంబర్‌లో సమ్నర్ పట్టణంలో విచారణ జరిగింది. 64 ఏళ్ల వ్యవసాయ కూలీ మోజ్ రైట్ కోర్టులో లేచి నిలబడి, ఎత్తుకుపోయిన తెల్లవాళ్లను వేలు పెట్టి చూపించాడు. ఆ రోజుల్లో మిసిసిపీలో అలా చేయడమంటే ప్రాణం మీద ఆశ వదులుకోవడమే. సాక్ష్యం చెప్పాక అతను ఆ రాష్ట్రం వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. జ్యూరీలోని 12 మందీ తెల్లజాతి మగవాళ్లే. 67 నిమిషాల్లో నిందితులు నిర్దోషులని తేల్చేశారు. 1956 జనవరిలో ఆ ఇద్దరూ ‘లుక్’ అనే పత్రిక దగ్గర డబ్బు తీసుకుని, హత్య తామే చేశామని చెప్పుకున్నారు. ఒకసారి నిర్దోషిగా తేలినవాణ్ణి అదే నేరానికి మళ్లీ విచారించకూడదన్న నియమం వాళ్లను కాపాడింది.

జ్యూరీలో ఒక్క నల్లమనిషి కూడా ఎందుకు లేడన్నది ఇక్కడ అడగాల్సిన ప్రశ్న. జ్యూరీ సభ్యులను ఓటర్ల జాబితా నుంచి ఎంపిక చేసేవారు. టలహాచీ కౌంటీ జనాభాలో సగానికి పైగా నల్లవాళ్లే. కానీ 1955లో ఆ కౌంటీ ఓటర్ల జాబితాలో ఒక్క నల్లజాతి పేరూ లేదు. అక్షరాస్యత పరీక్ష, ఓటు పన్ను, వీటికి తోడు బెదిరింపులు వాళ్లను జాబితాకు దూరంగా ఉంచాయి. ఓటు లేదు కాబట్టి జ్యూరీలో చోటు లేదు. జ్యూరీలో చోటు లేదు కాబట్టి తెల్లవాడు నల్లవాణ్ణి చంపినా శిక్ష పడదు. శిక్ష పడదని తెలుసు కాబట్టి ఓటు అడగడానికి ఎవరూ సాహసించరు. ఈ గుండ్రటి ఉచ్చు పనిచేసే తీరు అర్థమైతే తర్వాతి సంఘటన దానంతటదే అర్థమవుతుంది.

1957: ఇరవై నాలుగు గంటల మాట

సరిగ్గా రెండేళ్లకు, 1957 ఆగస్టు 28 రాత్రి 8 గంటల 54 నిమిషాలకు దక్షిణ కరోలినా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ సెనేట్‌లో లేచి నిలబడ్డాడు. మర్నాడు రాత్రి 9 గంటల 12 నిమిషాల దాకా కూర్చోలేదు. మొత్తం 24 గంటల 18 నిమిషాలు. రాష్ట్రాల ఎన్నికల చట్టాలు చదివాడు, స్వాతంత్ర్య ప్రకటన చదివాడు, జార్జ్ వాషింగ్టన్ వీడ్కోలు సందేశం చదివాడు. దీన్నే ఫిలిబస్టర్ అంటారు. మాట్లాడుతున్న సెనేటర్ తనంతట తాను ఆపేదాకా ఓటింగ్‌కు వెళ్లకుండా సభను నిలువరించే పద్ధతి అది.

అతను అడ్డుకోవాలనుకున్నది 1957 పౌరహక్కుల బిల్లును. నల్లవాళ్ల ఓటుహక్కును కాపాడే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇవ్వడం దాని ఉద్దేశం. అప్పటికే ఆ బిల్లును దక్షిణాది సెనేటర్లు బాగా నీరుగార్చారు. అందుకు వాళ్లు వాడుకున్న ఆయుధం కూడా జ్యూరీయే. ఓటును అడ్డుకున్న అధికారిని కోర్టు ధిక్కారం కింద శిక్షించాలంటే జ్యూరీ విచారణ ఉండాలని సవరణ పెట్టారు. చివరికి కుదిరిన రాజీ ఏమిటంటే, 300 డాలర్ల జరిమానా లేదా 45 రోజుల జైలు దాటని శిక్షలను మాత్రమే జడ్జి జ్యూరీ లేకుండా వేయగలడు. అంతకు మించితే మళ్లీ జ్యూరీ. దక్షిణాదిలో జ్యూరీ అంటే ఎవరో సమ్నర్‌లో అందరూ చూశారు. వినడానికి ప్రజాస్వామ్యబద్ధంగా ఉండే నియమమే ఆధిపత్య వర్గానికి కవచం కావడం ఎలాగో ఈ సవరణ చూపిస్తుంది.

థర్మండ్ మాట ముగించాక అదే రాత్రి బిల్లు సెనేట్‌లో నెగ్గింది. సెప్టెంబర్ 9న చట్టమైంది. బలహీనమైన చట్టమే. కానీ పౌరహక్కుల కమిషన్, న్యాయశాఖలో పౌరహక్కుల విభాగం దానివల్లే ఏర్పడ్డాయి. తర్వాతి పోరాటాలకు అవి పనికొచ్చాయి.

జాతులు కలవకూడదని జీవితంలో ఎక్కువ భాగం వాదించిన ఈ థర్మండ్‌కు ఒక నల్లజాతి కూతురు ఉంది. 1925లో, వాళ్లింట్లో పనిచేసిన, ఇరవై ఏళ్లు కూడా నిండని నల్లజాతి అమ్మాయికి పుట్టిన బిడ్డ ఆమె. థర్మండ్ 2003లో చనిపోయాకే ఆ కూతురు బయటికొచ్చి ఈ విషయం చెప్పగలిగింది. పగలు అంటరానితనం పాటించి, చీకట్లో ఆ నియమాన్ని పక్కన పెట్టే పెద్దమనుషులు మన ఊళ్లకు కొత్త కాదు. అందుకే దీన్ని ఒక వ్యక్తి వ్యక్తిగత బలహీనతగా మనం చదవలేం.

సెనేట్‌లో అతి సుదీర్ఘ వ్యక్తిగత ప్రసంగంగా థర్మండ్ రికార్డు 67 ఏళ్లకు పైగా నిలిచింది. 2025 ఏప్రిల్ 1న దాన్ని దాటింది కోరీ బుకర్. న్యూజెర్సీ నుంచి ఎన్నికైన నల్లజాతి సెనేటర్.

1963: ఉపాధి కోసం, స్వేచ్ఛ కోసం

1963 ఆగస్టు 28న రెండున్నర లక్షల మంది వాషింగ్టన్‌లోని లింకన్ స్మారకం ముందు చేరారు. ఆ ప్రదర్శన పూర్తి పేరు ‘ఉపాధి కోసం, స్వేచ్ఛ కోసం వాషింగ్టన్‌పై ప్రదర్శన’. ఇందులో ముందొచ్చే మాట ఉపాధి. కాలక్రమంలో ఆ మాట రాలిపోయి కల ఒక్కటే మిగిలింది.

ఈ ప్రదర్శన ఆలోచన ఎ. ఫిలిప్ రాండాల్ఫ్‌ది. ఆయన రైలు బోగీల్లో పనిచేసే నల్లజాతి కార్మికుల యూనియన్ నాయకుడు. 1941లోనే వాషింగ్టన్‌పైకి జనాన్ని తెస్తామని హెచ్చరించి, యుద్ధ పరిశ్రమల ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధించే ఉత్తర్వును అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చేత ఇప్పించాడు. 1963లో పనంతా నడిపించింది ఆయన సహచరుడు బేయర్డ్ రస్టిన్. రస్టిన్ స్వలింగ సంపర్కి. మార్చ్‌కు రెండు వారాల ముందు సెనేట్‌లో ఆ విషయం ఎత్తి, ప్రదర్శనను అప్రతిష్ఠ పాలు చేయాలని చూసింది మళ్లీ స్ట్రామ్ థర్మండే. రాండాల్ఫ్ తన సహచరుణ్ణి వదులుకోలేదు.

నిర్వాహకులు పది డిమాండ్లు అచ్చువేసి పంచారు. బడుల్లో వేర్పాటు పోవాలి. ఓటుహక్కు కావాలి. పౌరుల ఓటుహక్కు కాలరాసే రాష్ట్రాలకు పార్లమెంటులో సీట్లు తగ్గించాలి. నిరుద్యోగులందరికీ, నల్లవాళ్లయినా తెల్లవాళ్లయినా, శిక్షణతో కూడిన గౌరవప్రదమైన పని కల్పించాలి. కనీస వేతనం గంటకు 2 డాలర్లు ఉండాలి. అప్పటికి అది 1 డాలర్ 15 సెంట్లు. కనీస వేతన చట్టాన్ని అది వదిలేసిన పనులన్నిటికీ వర్తింపజేయాలి. ఈ చివరి డిమాండ్ వెనక పాత గాయం ఉంది. 1938లో ఆ చట్టం చేసినప్పుడు వ్యవసాయ కూలీలను, ఇళ్లలో పనిచేసేవాళ్లను బయట ఉంచారు. దక్షిణాదిలో నల్లవాళ్లలో ఎక్కువమంది చేసే పనులు అవే. చట్టంలో జాతి పేరు ఎక్కడా రాయనక్కర్లేదు. పని పేరు రాస్తే చాలు, ఎవరు బయట మిగులుతారో అందరికీ తెలుసు.

ఆ రోజు వేదిక మీద కూడా లోటుపాట్లున్నాయి. 23 ఏళ్ల విద్యార్థి నాయకుడు జాన్ లూయిస్ ప్రభుత్వ బిల్లు సరిపోదని ఘాటుగా రాసుకొచ్చిన ప్రసంగానికి పెద్దల ఒత్తిడితో చివరి నిమిషంలో పదును తగ్గించాల్సి వచ్చింది. ప్రధాన వక్తల్లో ఒక్క మహిళ లేదు. ఊరూరా ఉద్యమాన్ని నిలబెట్టిన ఆడవాళ్ల గౌరవార్థం కొన్ని నిమిషాలు కేటాయించారు. ఆ సమయంలో డేజీ బేట్స్ కొద్ది మాటలు మాట్లాడింది. న్యాయవాది పాలీ మర్రే దీని మీద రాండాల్ఫ్‌కు నిరసన తెలిపింది. దళిత ఉద్యమంలో దళిత స్త్రీలు వేసిన ప్రశ్న ఇదే.

ఆ వేదిక మీదే రాయ్ విల్కిన్స్ ఒక మరణవార్త చెప్పాడు. ముందు రోజు, ఆగస్టు 27న, ఘనా రాజధాని అక్రాలో డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్ కన్నుమూశాడు. వయసు 95. ఈ పేరు మనకు దగ్గరిది. 1946 జూలైలో డాక్టర్ అంబేడ్కర్ ఆయనకు ఉత్తరం రాశారు. నల్లవాళ్ల పరిస్థితికీ అంటరానివాళ్ల పరిస్థితికీ చాలా పోలిక ఉందని, దాన్ని అధ్యయనం చేయడం అవసరమని అందులో చెప్పారు. నల్లజాతి సంఘం ఐక్యరాజ్య సమితికి సమర్పించిన విజ్ఞాపన ప్రతులు పంపమని అడిగారు. అంటరానివాళ్ల తరఫున కూడా అలా చేసే ఆలోచన ఉందన్నారు. జూలై 31న డుబాయిస్ జవాబు రాశాడు. అంబేడ్కర్ పేరు తనకు తెలుసని, భారత అంటరానివాళ్ల పట్ల తనకు పూర్తి సానుభూతి ఉందని చెప్పాడు. దళితుల, నల్లవాళ్ల మధ్య సంబంధం గురించి ఇప్పుడు మనం రాస్తున్నదంతా ఆ ఇద్దరు పండితులు వేసిన దారే.

1968: చికాగో వీధులు

ప్రదర్శన తర్వాత 18 రోజులకే, సెప్టెంబర్ 15న, బర్మింగ్‌హామ్‌లో తెల్లజాతి దురహంకారులు చర్చిలో బాంబు పెట్టి నలుగురు నల్లజాతి ఆడపిల్లలను చంపారు. 1964 జూలై 2న పౌరహక్కుల చట్టం, 1965 ఆగస్టు 6న ఓటుహక్కు చట్టం వచ్చాయి. సభ వల్లే చట్టాలు రాలేదు. సభకు ముందూ వెనకా ఊళ్లలో పారిన రక్తం వాటికి కారణం.

1968 ఏప్రిల్ 4న కింగ్ హత్య జరిగింది. ఆ ఏడాది ఆగస్టు 28న చికాగోలో డెమోక్రటిక్ పార్టీ మహాసభ జరుగుతుండగా, బయట వియత్నాం యుద్ధ వ్యతిరేకుల మీద పోలీసులు విరుచుకుపడ్డారు. టీవీ కెమెరాల ముందే కొట్టారు. తర్వాత విచారణ జరిపిన అధికారిక అధ్యయనమే దాన్ని పోలీసుల అల్లరిగా పేర్కొంది. మధ్యతరగతి తెల్ల యువకుల తలలు పగిలిన ఆ రోజు దేశం నివ్వెరపోయింది. నల్లవాడల్లో అలాంటి పోలీసింగ్ రోజువారీ సంగతి.

ఆ రాత్రి సభ లోపల జరిగిన ఇంకో విషయాన్ని చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. వాషింగ్టన్‌కు చెందిన నల్లజాతి పాస్టర్ చానింగ్ ఫిలిప్స్ పేరును అధ్యక్ష అభ్యర్థిత్వానికి ప్రతిపాదించారు. డెమోక్రటిక్ మహాసభలో ఒక నల్లమనిషి పేరు అలా ఓటింగ్‌కు రావడం అదే మొదలు. ఆయన గెలుస్తాడని ఎవరూ అనుకోలేదు. మిసిసిపీ ప్రతినిధుల్లో ఈసారి ఫానీ లూ హేమర్ కూర్చుంది. పాలుకు పత్తి సాగు చేసుకునే కుటుంబం ఆమెది. 1964లో రెండు సీట్లతో సరిపెట్టుకోమంటే, అంత తక్కువకు తాము ఇంత దూరం రాలేదని తిరస్కరించిన బృందంలో ఆమె ఉంది.

2008, ఆ తర్వాత

చానింగ్ ఫిలిప్స్ పేరు వచ్చిన 40 ఏళ్లకు, అదే తేదీన, డెన్వర్‌లోని ఫుట్‌బాల్ స్టేడియంలో 80 వేల మందికి పైగా జనం ముందు బరాక్ ఒబామా డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వాన్ని స్వీకరించాడు. 1963 వక్తల్లో మిగిలిన జాన్ లూయిస్ ఆ సభలోనూ మాట్లాడాడు.

ఈ కథ ఇక్కడ ఆగిపోతే బాగుండేది. 2013 జూన్ 25న, ఒబామా అధ్యక్షుడిగా ఉండగానే, సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో 1965 ఓటుహక్కు చట్టం వెన్నెముక విరిచింది. వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు ఎన్నికల నియమాలు మార్చాలంటే కేంద్రం అనుమతి తీసుకోవాలన్న నిబంధన పనిచేయకుండా పోయింది. తీర్పు వచ్చిన రోజే టెక్సస్ తన కఠినమైన ఓటరు గుర్తింపు కార్డు చట్టాన్ని అమలు చేస్తామని ప్రకటించింది. అగ్రస్థానంలో ఒక మనిషి కూర్చోవడం వేరు, కింద జాబితాలో పేర్లు నిలవడం వేరు. మన దగ్గర రాష్ట్రపతి పదవి గురించి మాట్లాడేటప్పుడు కూడా ఈ తేడా గుర్తుంచుకోవాలి.

2020 మే 25న మినియాపొలిస్‌లో ఒక పోలీసు జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టి చంపాడు. ఆ ఏడాది ఆగస్టు 28న జనం మళ్లీ లింకన్ స్మారకం దగ్గర చేరారు. ఆ తేదీని కావాలనే ఎంచుకున్నారు. కరోనా రోజుల్లో మాస్కులతో వచ్చిన ఆ జనంలో పోలీసుల చేతిలో చనిపోయినవాళ్ల కుటుంబాలు కూడా ఉన్నాయి.

ఎమెట్ టిల్ పేరు మీద మూకహత్యల నిరోధక చట్టం 2022 మార్చి 29న వచ్చింది. హత్య జరిగిన 66 ఏళ్లకు. నిజానికి అలాంటి బిల్లును పార్లమెంటులో మొదట పెట్టింది 1900లో, అప్పటి ఏకైక నల్లజాతి సభ్యుడు జార్జ్ హెన్రీ వైట్. మధ్యలో సుమారు 200 ప్రయత్నాలు విఫలమయ్యాయి. 1922లో దిగువ సభలో నెగ్గిన బిల్లును సెనేట్‌లో చంపింది కూడా ఫిలిబస్టరే. ఇటు శవం దొరికిన నది ఒడ్డున పెట్టిన స్మారక ఫలకాన్ని మాటిమాటికీ తుపాకులతో కాల్చారు. చివరికి 2019లో తూటాలు దిగని ఫలకం పెట్టాల్సి వచ్చింది. చనిపోయిన పిల్లవాడి పేరుకు కూడా రక్షణ కవచం కావాల్సి వచ్చింది.

మనకు దీనితో పనేమిటి

మొదటిది, న్యాయం సంగతి. చుండూరు కేసును ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు శిక్ష పడ్డాయి. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మనకు జ్యూరీ లేదు, అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అయినా తీర్పు ఇచ్చే వ్యవస్థలో ఎవరున్నారు, సాక్షి నోటికి ఎంత రక్షణ ఉందన్న ప్రశ్నలు సమ్నర్ కోర్టులోలాగే ఇక్కడా అలాగే ఉన్నాయి.

రెండోది మనం తక్కువగా మాట్లాడుకునేది. తెలుగువాళ్లు అమెరికా వెళ్లిన దారిని తెరిచింది నల్లవాళ్ల పోరాటం. 1946 చట్టం ప్రకారం భారతీయులకు ఏడాదికి 100 మందికే కోటా ఉండేది. పౌరహక్కుల ఉద్యమం వివక్షను సిగ్గుపడాల్సిన విషయంగా మార్చాకే, 1965 అక్టోబర్ 3న పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పాత పద్ధతిని రద్దుచేసే వలస చట్టం వచ్చింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు ఆ చట్టం తలుపు గుండానే వెళ్లారు. వాళ్లతో పాటు కులం కూడా వెళ్లింది. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ నెగ్గించిన అలాంటి బిల్లును గవర్నర్ అక్టోబర్ 7న వెనక్కి పంపాడు. ఉన్న చట్టాలే చాలన్నది ఆయన కారణం. 1957లోనూ, 1963లోనూ నల్లవాళ్లు ఈ మాట విన్నారు. నల్లవాళ్లు రక్తం ధారపోసి తెరిచిన తలుపు గుండా వెళ్లినవాళ్లలో కొందరు, దళితులకు అదే రక్షణ ఇవ్వొద్దని ఆ గవర్నర్‌కు విజ్ఞప్తులు పంపారు.

ఆగస్టు 28న మన క్యాంపస్‌లలో కింగ్ ప్రసంగం వినిపించే సంఘాలు ఉన్నాయి. మంచిదే. మా సూచన ఒకటే. ప్రసంగానికి ముందు ఆ పది డిమాండ్లు చదవండి. తెలుగులో పెట్టి గోడకు అంటించండి. ఒక్కో దాని ఎదురుగా మన కూలీలకు, మన ఇళ్ల పనివాళ్లకు, మన ఓటర్లకు, మన సాక్షులకు ఆ విషయంలో ఇవాళ ఏమున్నదో రాయండి. ఖాళీగా మిగిలే గడుల దగ్గర చర్చ మొదలుపెట్టండి.